అక్టోబర్ మధ్యలో ఒంటరిగా స్టుబాయ్ హోయెన్‌వేగ్: హట్లు మూసేశాక వింటర్ రూమ్‌ల మీద ఆధారపడి నడవొచ్చా?

ఒంటికొండ

ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్ పక్కనున్న స్టుబాయ్ లోయ చుట్టూ తిరిగే కొండదారి, హోయెన్‌వేగ్ గురించి అడుగుతున్నాను. తేదీలు అక్టోబర్ 12 నుంచి 20 మధ్య. ఒక్కడినే. లోయలోని నోయ్‌స్టిఫ్ట్ ఊరి నుంచి మొదలుపెట్టి ఇన్స్‌బ్రుకర్, బ్రెమర్, న్యూర్న్‌బెర్గర్, సుల్సెనావ్, డ్రెస్డ్‌నర్, నోయె రీగెన్స్‌బుర్గర్, ఫ్రాంజ్ సెన్, స్టార్కెన్‌బుర్గర్ అనే వరుసలో ఎనిమిది హట్లూ (కొండ మీది బస ఇళ్ళు) చుట్టి రావాలని ఆలోచన. వేసవి హట్ సీజన్ సెప్టెంబర్ చివరికి అయిపోతుందని తెలుసు, అందుకే వింటర్ రూమ్‌ల (హట్ మూసేశాక వచ్చేవాళ్ళ కోసం ఉంచే గదులు) సంగతి అడుగుతున్నాను.

వేసవిలో ఇనుప తీగలు పట్టుకుని నడిచే కొండదారులు అలవాటే. మంచుగొడ్డలి వాడటం రాదు. టెంట్ తీసుకెళ్ళను. మైక్రోస్పైక్స్ (బూటు కింద తగిలించుకునే చిన్న ఇనుప పళ్ళు) ఉన్నాయి. నాలుగు సందేహాలు: వింటర్ రూమ్‌లలో ఏముంటుంది, ఏముండదు? మైక్రోస్పైక్స్ సరిపోతాయా? గ్యాస్ ఎంత మోయాలి? దారి గ్లేసియర్ల అంచున వెళ్తుంది కదా, ఒంటరిగా వెళ్ళేవాడికి అక్కడ ప్రమాదం ఎంత?

ఉత్తరవాలు

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే అందరూ దాని గురించే భయపడతారు, ఈ దారిలో భయపడాల్సింది మాత్రం దానికి కాదు. హోయెన్‌వేగ్ మామూలు దారి ఏ గ్లేసియర్ మీదా నడవదు. పక్కనుంచి చూస్తూ పోతుంది, అంతే. క్రెవాస్‌లో (గ్లేసియర్ మీది లోతైన పగులు) పడాలంటే మీరు దారి వదిలి దిగాలి. అలా దిగకండి. మంచు కప్పిన గ్లేసియర్ మీద పగుళ్ళు పైకి కనబడవు, తాడుకు రెండో మనిషి లేనప్పుడు పడ్డవాణ్ణి ఆపేవాడు ఉండడు. ఎంత అనుభవం ఉన్నా ఒంటరివాడికి ఈ నియమం మారదు.

అంచుల దగ్గర ఒకటి రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. గ్లేసియర్ వెనక్కి తగ్గిన చోట కంకర, బురద పరుచుకుని నేలలాగే ఉంటుంది, కిందేమో ఇంకా మంచుగడ్డే. నీళ్ళు తిని గుల్లయిన చోట కాలు దిగబడుతుంది. గ్లేసియర్ ముక్కు దగ్గర నీళ్ళు బయటికొచ్చే గుహ ఉంటే ఫోటో కోసం లోపలికి వెళ్ళొద్దు, పైకప్పు కూలడానికి ఎండ కూడా అక్కర్లేదు. పక్క మొరైన్ (గ్లేసియర్ తోసి పోసిన రాళ్ళు) గట్టు మీద నడిచేటప్పుడు లోపలి అంచుకు దూరంగా ఉండండి. ఒకప్పుడు ఆ గోడను మంచు ఆనుకుని నిలబెట్టింది, ఇప్పుడు ఆనిక లేదు, రాయి కదిలితే గట్టే జారుతుంది.

అసలు ఇబ్బంది కనుమలు. సుల్సెనావ్ నుంచి డ్రెస్డ్‌నర్‌కు పైల్‌యోహ్ దాటాలి, సుమారు 2670 మీటర్లు. బ్రెమర్ నుంచి న్యూర్న్‌బెర్గర్‌కు సిమ్మింగ్‌యోహ్ల్, 2750 పైన. డ్రెస్డ్‌నర్ నుంచి రీగెన్స్‌బుర్గర్‌కు గ్రావాగ్రూబెన్‌నీడర్, 2881 మీటర్లు, మొత్తం చుట్టులో ఇదే ఎత్తు. దీనికి రీగెన్స్‌బుర్గర్ వైపు వాలు బాగా నిట్టగా, వదులు రాళ్ళతో ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడే జాగ్రత్తగా దిగాల్సిన చోటు అది. సెప్టెంబర్‌లో ఒకసారి మంచు పడి, నీడలో కరగకుండా ఉండి, రాత్రుళ్ళు గడ్డకట్టిందంటే రాయి మీద గాజులాంటి పొర మిగులుతుంది. మీ మైక్రోస్పైక్స్ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. గట్టిపడిన మంచు దారి మీద, వాలు పెద్దగా లేనిచోట అవి బాగా పనిచేస్తాయి. రాతి మీద పలుచని గాజుమంచులోకి వాటి పళ్ళు దిగవు. నిట్టవాలు మీద గట్టి మంచుంటే అవి వేసుకుని ఎక్కగలుగుతారు కానీ, జారితే ఆగడానికి చేతిలో ఏమీ ఉండదు. ఎక్కనిచ్చి దిగనివ్వని సామాను అది. మంచుగొడ్డలి వాడటం రాదంటున్నారు, మీ దగ్గరున్నవి మైక్రోస్పైక్సే కాబట్టి, ఈ మూడు కనుమల్లో దేని నీడ వైపైనా వరసగా మంచు కనిపిస్తే అక్కడితో వెనక్కి తిరగాలి. 'కొంచెం దూరమేగా' అన్న లెక్క పెట్టుకోకండి.

ఒక్కమాటలో నా అభిప్రాయం: అక్టోబర్ మధ్యలో పూర్తి చుట్టు వద్దు.

చెక్కపొయ్యి

వింటర్ రూమ్‌ల సంగతి నేను చెబుతాను.

ముందు తాళం. ఆల్పైన్ క్లబ్ (పర్వతారోహకుల సంఘం) హట్లలో చాలా వింటర్ రూమ్‌లకు ఒకే రకం తాళం ఉంటుంది, దాన్ని ఏవీ తాళంచెవి అంటారు. అది సభ్యులకు మాత్రమే, మీరు చేరిన శాఖ డిపాజిట్ తీసుకుని అరువిస్తుంది. సభ్యత్వం కట్టిన రోజే చెవి చేతికొస్తుందని అనుకోవద్దు, ముందుగా శాఖకు రాసి అడగండి. సభ్యత్వం ఎలాగూ తీసుకోవాల్సిందే. హట్లలో పడకకు తగ్గింపు మాట అటుంచండి, ఆస్ట్రియాలో హెలికాప్టర్ రక్షణ ఉచితం కాదు, సభ్యత్వంతో వచ్చే బీమా రక్షణ ఖర్చును 25,000 యూరోల దాకా భరిస్తుంది.

ఎనిమిది హట్లకూ వింటర్ రూమ్ ఒకే స్థితిలో ఉంటుందనుకోవద్దు. కొన్నిటికి తాళం ఉండదు, కొన్నిటికి వేరే చెవి, కొన్ని మరమ్మతులో ఉంటాయి. ఒక్కో హట్ పేజీలో వింటర్‌రౌమ్ అన్న వరుస చూడండి, చూసి హట్ నడిపేవాళ్ళకు మెయిల్ పెట్టండి. 'ఉంది' అని జవాబు రాని చోట ఉందని లెక్కేసుకోకూడదు.

లోపల సాధారణంగా ఉండేవి: పరుపులతో అరుగులాంటి పడకలు, ఉన్ని దుప్పట్లు, కట్టెల పొయ్యి, చీల్చిన లేదా చీల్చాల్సిన కట్టెలు, గొడ్డలి, గిన్నెలు. ఉండనిది నీళ్ళు. పైపులు పగలకుండా హట్ మూసేరోజే నీటి లైను ఖాళీ చేసేస్తారు. నడి శీతాకాలంలో వచ్చేవాళ్ళకు ఇది సమస్య కాదు, గడప బయటే మంచు, కరిగించుకుంటారు. అక్టోబర్‌లో మాత్రం గడప బయట మంచూ ఉండకపోవచ్చు, కుళాయీ ఉండదు. వాగు ఎక్కడుందో మ్యాప్‌లో ముందే చూసుకుని, చీకటి పడకముందే రాత్రికీ పొద్దుటికీ కలిపి నాలుగు లీటర్లు తెచ్చి లోపల పెట్టుకోండి. దానికి మడతపెట్టే నీళ్ళ సంచి ఒకటి చాలు. గ్లేసియర్ నుంచి వచ్చే వాగు తెల్లగా, పిండి కలిపినట్టు ఉంటుంది. అది రాతిపొడి, ఫిల్టర్‌లో పోస్తే నిమిషాల్లో పూడిపోతుంది. గిన్నెలో రాత్రంతా కదపకుండా ఉంచి పైతేట వంపుకోండి, లేదా పక్కవాలు నుంచి వచ్చే చిన్న ఊట వెతకండి. ఇంకొకటి, గొట్టాల ఫిల్టర్ ఒక్కసారి తడిగా గడ్డకట్టిందంటే లోపలి పోగులు చిట్లుతాయి. బయటికి ఏ తేడా కనిపించదు, క్రిములు మాత్రం దాటిపోతాయి. రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోండి. అంత తలనొప్పి ఎందుకనుకుంటే మరిగించుకోవడమే మేలు.

పొయ్యి వెలిగించేముందు గొట్టం మీదున్న మూత-చక్రం తెరిచి ఉందా చూడండి. వేలెడు మందం పుల్లలు, కాగితం, పైన రెండు సన్న కట్టెలు. గొట్టం చల్లగా ఉన్నప్పుడు పొగ పైకి లాగదు, కాబట్టి మొదటి పది నిమిషాలు చిన్న మంటే. పొగ గదిలోకి తిరిగి వస్తుంటే ఊదుతూ కూర్చోకండి. మంట ఆర్పి, తలుపు తెరిచి, గొట్టం మూసుకుపోయిందేమో బయటికెళ్ళి చూడండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, ఒంటరివాడు తలనొప్పిని అలసట అనుకుని పడుకుంటాడు. గదిలో గ్యాస్ స్టవ్ వాడినా ఇదే మాట, కిటికీ వేలెడు తెరిచే ఉంచాలి.

దుప్పట్లున్నాయి కదా అని పట్టు లైనర్ (స్లీపింగ్ బ్యాగ్ లోపల వేసుకునే పలుచని సంచి) ఒక్కటే తీసుకెళ్ళేవాళ్ళున్నారు. హట్ తెరిచి ఉన్నప్పుడు అది సరే. వింటర్ రూమ్‌లో పొయ్యి వెలగకపోయినా, కట్టెలు తడిసినా గది బయటంత చల్లగానే ఉంటుంది. కంఫర్ట్ అంకె సున్నా డిగ్రీలు ఉన్న బ్యాగ్ పెట్టుకోండి. లేబుల్ మీద రెండు మూడు అంకెలుంటాయి, లిమిట్ అని రాసింది కాదు, కంఫర్ట్ అని రాసిందే చూడాలి.

వెళ్ళేటప్పుడు బూడిద పూర్తిగా చల్లారాకే ఇనుప బక్కెట్‌లోకి, వాడినన్ని కట్టెలు చీల్చి పొయ్యి పక్కన పెట్టాలి, కిటికీ తలుపులు గడియ వేయాలి. గడియ సరిగా పడకపోతే గాలికి తెరుచుకుని ఒక్క తుఫానులో గదంతా మంచుతో నిండుతుంది, వెనకొచ్చేవాడికి పొడి దుప్పటి ఉండదు. హట్ పుస్తకంలో పేరు, తేదీ, రేపు ఎటు వెళ్తున్నారో రాయండి. అది మర్యాదకు రాసేది కాదు, వెతికేవాళ్ళు మొదట చూసేది ఆ పేజీనే. డబ్బు గోడ మీద రాసిన పద్ధతిలో, కవర్‌లోనో బ్యాంకు ద్వారానో కట్టాలి.

గ్యాస్‌డబ్బా

గ్యాస్ లెక్క సూటిగా.

ఒక లీటరు వాగు నీళ్ళను 5 డిగ్రీల నుంచి మరుగుదాకా తేవడానికి సుమారు 400 కిలోజూల్స్ కావాలి. గ్యాస్‌లో గ్రాముకు 46 ఉన్నా గిన్నెకు చేరేది సగమే అనుకోండి, కాబట్టి లీటరుకు 17 గ్రాములు. అదే లీటరు మంచు నుంచి మొదలుపెడితే, కరిగించడానికే ఇంకో 334 పోతుంది, వేడెక్కడం కూడా సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి మొత్తం 750 పైచిలుకు, అంటే 33 గ్రాములు. దాదాపు రెట్టింపు. 230 గ్రాముల డబ్బా వాగు నీళ్ళయితే 13 లీటర్లు మరిగిస్తుంది, మంచయితే 7. గాలికి అడ్డు లేకపోతే ఈ రెండూ ఇంకా పడిపోతాయి. రోజుకు మూడు లీటర్లు మరిగిస్తే 50 గ్రాములు. నాలుగు రాత్రులకు ఒక 230 డబ్బా సరిగ్గా సరిపోతుంది, పొయ్యి వెలిగితే మిగులుతుంది. కట్టెల పొయ్యినే నమ్ముకుని గ్యాస్ మానేయడం మాత్రం తప్పు.

మంచు కరిగించాల్సి వస్తే గిన్నె అడుగున రెండు గుక్కల నీళ్ళు ముందే ఉంచండి. ఉత్త పొడి మంచు వేస్తే అడుగున ఆవిరి పొర ఏర్పడి గిన్నె మాడుతుంది, మంచు అలాగే ఉంటుంది, నీళ్ళు మాడువాసన వేస్తాయి.

డబ్బా మీద ఏ మిశ్రమమో చదవండి. మామూలు బ్యూటేన్ మైనస్ 0.5 దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. ఐసోబ్యూటేన్ మైనస్ 11.7, ప్రొపేన్ మైనస్ 42. ముందు ప్రొపేన్ ఖర్చయిపోతుంది కాబట్టి కొత్త డబ్బా చలిలో బాగా మండి, సగమైన డబ్బా ముక్కుతుంది. పైగా మండేకొద్దీ డబ్బా తనంతట తానే చల్లబడుతుంది. ఐసోబ్యూటేన్-ప్రొపేన్ కలిపినది కొనండి, రాత్రి బ్యాగ్‌లో పెట్టుకోండి, వాడేటప్పుడు కింద చదునైన చెక్క ముక్క వేయండి. విమానంలో గ్యాస్ తీసుకెళ్ళనివ్వరు, ఇన్స్‌బ్రుక్‌లో కొనుక్కోవాలి. అక్కడ మరతో బిగించేవీ, నొక్కి బిగించేవీ రెండూ దొరుకుతాయి, మీ స్టవ్ ఏదో చూసి కొనండి.

లైటర్ ఒకటి జేబులో, అగ్గిపెట్టె ఒకటి సంచిలో. స్టవ్‌కున్న నొక్కుడు బటన్‌ను లెక్కలోకి తీసుకోవద్దు.

లోయదారి

ఉత్తరవాలు 'వద్దు' అన్నారు, నేను సగం ఒప్పుకుంటాను. చుట్టు వద్దు సరే, ముక్కలుగా ఎందుకు కూడదు? ఈ లోయకున్న గొప్ప సౌకర్యం ఏమిటంటే దాదాపు ప్రతి హట్ నుంచీ రోడ్డుకు సొంత దారి ఉంది, ఇన్స్‌బ్రుక్ నుంచి ముట్టెర్‌బెర్గ్ దాకా లోయ పొడవునా 590 బస్సు నడుస్తుంది. ప్రతి రాత్రికీ 'రేపు పొద్దున ఆరు అంగుళాల మంచు ఉంటే ఎటు దిగాలి' అన్నదానికి జవాబు ఉంటేనే ఆ రాత్రి అక్కడ పడుకోవాలి. ఆ లెక్కన చూడండి.

ఇన్స్‌బ్రుకర్ నుంచి పిన్నిస్ లోయ గుండా నెడర్‌కు దిగొచ్చు, సులువు. బ్రెమర్ మాత్రం మోసం చేస్తుంది. దాని దిగుడు దారి గ్ష్నిట్స్ లోయలోకి, అంటే వేరే లోయ, వేరే బస్సు. పైగా ఇన్స్‌బ్రుకర్-బ్రెమర్ మధ్య వేసవిలోనే ఆరేడు గంటలు, పైకీ కిందికీ అనేకసార్లు, తీగలతో. ఒంటరిగా చిన్న పగళ్ళలో ఈ ముక్క మొదట కొట్టేయాల్సింది. న్యూర్న్‌బెర్గర్ నుంచి రానాల్ట్ వైపు, సుల్సెనావ్ నుంచి గ్రావా ఆల్మ్‌కు, డ్రెస్డ్‌నర్ నుంచి ముట్టెర్‌బెర్గ్‌కు, రీగెన్స్‌బుర్గర్ నుంచి ఫాల్బెసోన్‌కు, ఫ్రాంజ్ సెన్ నుంచి ఓబెరిస్‌కు, స్టార్కెన్‌బుర్గర్ నుంచి నేరుగా నోయ్‌స్టిఫ్ట్‌కు దిగుడు ఉంది.

నేనైతే ఇలా వేస్తాను. మొదటి ముక్క: గ్రావా నుంచి సుల్సెనావ్, పైల్‌యోహ్ బాగుంటే దాటి డ్రెస్డ్‌నర్, అక్కణ్ణుంచి ముట్టెర్‌బెర్గ్. రెండు కొసల్లోనూ బస్సు. డ్రెస్డ్‌నర్ స్టుబాయ్ గ్లేసియర్ కేబుల్ కార్ మధ్య స్టేషన్ పక్కనే ఉంది, స్కీ సీజన్‌లో కూడా నడిచే హట్ అది. మీ తేదీలకు తెరిచి ఉందో లేదో ఫోన్ చేయండి, ఉంటే వేడి భోజనం, మనుషులు. రెండో ముక్క: నెడర్ నుంచి ఇన్స్‌బ్రుకర్ ఎక్కి, అదే దారిన దిగడం. మూడోది: ఓబెరిస్ నుంచి ఫ్రాంజ్ సెన్, అక్కణ్ణుంచి లోయలోనే ఆల్పైనర్ గ్లేసియర్ వైపు వెళ్ళి వెనక్కి. ఓబెరిస్ ఉన్న ఓబెర్‌బెర్గ్ లోయలోకి బస్సు ఉండదనుకుని మిల్డర్స్ నుంచి నడక కలుపుకోండి. గ్రావాగ్రూబెన్‌నీడర్‌ను పూర్తిగా వదిలేయండి.

పైల్‌యోహ్ మీద ఒక చిత్రం ఉంది. అక్కడ వందల కొద్దీ రాళ్ళ గుట్టలు పేర్చి ఉంటాయి, సుల్సెనావ్ గ్లేసియర్‌కు ఎదురుగా, చూడ్డానికి బాగుంటుంది. అవన్నీ సరదాగా జనం పేర్చినవి, దారి గుర్తులు కావు. పొగమంచులో గుట్ట నుంచి గుట్టకు నడిస్తే అంచుకు చేరతారు. ఎరుపు-తెలుపు-ఎరుపు రంగు గీతలే దారి. అవి మంచు కింద పోతే జీపీఎస్, అదీ ముందే డౌన్‌లోడ్ చేసిన ట్రాక్.

సమయం ఎలా లెక్కేయాలంటే: గంటకు 300 మీటర్లు ఎక్కడం, 500 దిగడం, చదును మీద 4 కిలోమీటర్లు. ఎత్తు లెక్కా దూరం లెక్కా విడిగా వేసి, పెద్దదానికి చిన్నదానిలో సగం కలపాలి. 8 కిలోమీటర్లు, 800 ఎక్కడం, 600 దిగడం అయితే ఎత్తుకు 3 గంటల 50 నిమిషాలు, దూరానికి 2 గంటలు, మొత్తం 4 గంటల 50 నిమిషాలు. చీలమండ దాకా మంచుంటే ఒకటిన్నర రెట్లు, అంటే ఏడుంబావు, ఆగడాలు కాక. అక్టోబర్ మధ్యలో అక్కడ పొద్దు ఏడున్నరకు పొడిచి ఆరున్నరకు కుంకుతుంది, లోయ అడుగున ఎండ ఇంకా ముందే పోతుంది. కాబట్టి మధ్యాహ్నం పన్నెండింటికి కనుమ మీద లేకపోతే దాటొద్దు. వాయిదా వేసి నెలాఖరుకు వెళ్తే ఇంకో మెలిక ఉంది. అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుపుతారు, ఐదు దాటగానే చీకటి.

ఒంటికొండ

చాలా థాంక్స్ అందరికీ. చుట్టు ఆలోచన మానేశాను, లోయదారి గారు చెప్పిన మూడు ముక్కలే. ఇంకో రెండు అడుగుతాను. బయల్దేరే ముందు పైన మంచు ఎంతుందో ఇంటి నుంచే ఎలా తెలుస్తుంది? హిమపాతాల (వాలు మీంచి మంచు జారిపడటం) బులెటిన్ చూస్తే ఈ వారానికి ఏమీ లేదు, అంటే ప్రమాదం లేనట్టేనా?

ఉత్తరవాలు

కాదండీ. ఇన్స్‌బ్రుక్ ఉన్న టిరోల్ రాష్ట్రపు బులెటిన్ లవీనెన్.రిపోర్ట్ సైట్‌లో వస్తుంది, రోజూ రావడం శీతాకాలం మొదలయ్యాకే. శరదృతువులో పెద్ద మంచు పడితేనో విడిగా ఒకటి వేస్తారు. బులెటిన్ లేకపోవడం అంటే ఎవరూ అంచనా వేయలేదని మాత్రమే అర్థం. పొడుగు గడ్డి వాలు మీద 30 సెంటీమీటర్ల కొత్త మంచు గాలితో పడితే అది అక్టోబర్ అయినా జారుతుంది. 30 డిగ్రీలు దాటిన వాలు కిందా మీదా, మంచు పడ్డాక ఒకటి రెండు రోజులు, వెళ్ళొద్దు. మ్యాప్ యాప్‌లో వాలు రంగులు చూపే పొర ఆన్ చేసి మీ మూడు ముక్కలూ చూసుకోండి.

మంచు చూడటానికి రెండు దారులు. ఒకటి వెబ్‌క్యామ్‌లు: స్టుబాయ్ గ్లేసియర్ స్కీ ప్రాంతానివి, ఫోటో-వెబ్‌క్యామ్ సైట్‌లో టిరోల్‌వి. ఒక్కరోజు బొమ్మ కాదు, వారం వెనక్కి తిప్పి, దక్షిణం వైపు వాలు మీద ఎప్పుడు పోయింది, ఉత్తరం వైపు ఇంకా ఉందా అని పోల్చండి. రెండోది సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు, కోపర్నికస్ బ్రౌజర్‌లో ఉచితం. కొన్ని రోజులకోసారి కొత్తది వస్తుంది, మబ్బు లేని రోజుది తీసుకుంటే కనుమ రెండు వైపులా మంచు గీత ఎక్కడుందో స్పష్టంగా కనబడుతుంది. ఒక పిక్సెల్ 10 మీటర్లు, కాబట్టి సన్న పాయలో మిగిలిన గట్టి మంచు దానికి దొరకదు.

వాతావరణానికి లోయ ఉష్ణోగ్రత చూసి మోసపోకండి. వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీలు తగ్గించండి. నోయ్‌స్టిఫ్ట్ వెయ్యి మీటర్ల దగ్గర ఉంది, అక్కడ 8 ఉంటే 2880 దగ్గర మైనస్ 4. గంటకు 40 కిలోమీటర్ల గాలి తోడైతే ఒంటికి అది మైనస్ 13. దక్షిణం నుంచి ఫోయెన్ అనే వెచ్చటి పొడిగాలి వీచే రోజుల్లో ఇన్స్‌బ్రుక్‌లో వెచ్చగా, ఆకాశం శుభ్రంగా ఉంటుంది, కనుమల మీద మాత్రం నిలబడనివ్వదు. అది తగ్గీ తగ్గగానే చాలాసార్లు చల్లటి వాన, పైన మంచు వస్తాయి. ఆ వెచ్చటి రోజును చూసి మురిసిపోయి మర్నాటికి ప్లాన్ వేసేవాళ్ళే ఎక్కువ ఇరుక్కునేది.

తీగల గురించి చిన్నమాట. ఉన్ని చేతితొడుగు తడి తీగ మీద జారుతుంది, విరిగిన ఉక్కు పోగు చేతిలో దిగుతుంది. అరచేతికి రబ్బరు ఉన్న పలుచని పని గ్లవ్స్ తీగకు, మందపాటివి విడిగా గాలికి, తడిస్తే మార్చడానికి ఇంకో జత. తీగ మంచులో కూరుకుపోయి ఉంటే, లేదా పట్టు వదులైతే, లాగి చూసే పని పెట్టుకోక వెనక్కి తిరగండి. కొన్నిచోట్ల శీతాకాలానికి చిన్న వంతెనలు తీసేస్తారు కూడా. అది హట్ వాళ్ళకో నోయ్‌స్టిఫ్ట్ టూరిస్ట్ ఆఫీసుకో ముందే ఫోన్ చేసి అడిగితే తెలిసే విషయం.

చెక్కపొయ్యి

ఫోన్ విషయం ఎవరూ అనలేదు కాబట్టి అది నేను. ఆస్ట్రియాలో కొండ రక్షణ నంబర్ 140, యూరప్ మొత్తానికి 112. టిరోల్‌లో ఎస్‌ఓఎస్ ఈయూ ఆల్ప్ యాప్ ఉంది, నొక్కగానే మీ స్థానం కంట్రోల్ రూమ్‌కు వెళ్తుంది, కానీ దానికి సిగ్నల్ కావాలి, ఆ పక్క లోయల్లో అది తరచుగా ఉండదు. ఒంటరిగా వెళ్తున్నారు కాబట్టి ఉపగ్రహ మెసెంజర్ ఒకటి అద్దెకైనా తీసుకోండి. ఐఫోన్ 14, ఆ తర్వాతవి ఆస్ట్రియాలో ఉపగ్రహం ద్వారా ఎస్‌ఓఎస్ పంపగలవు, ఆకాశం తెరిపిగా ఉండాలి. ఏదీ పనిచేయకపోతే పాత పద్ధతే: నిమిషానికి ఆరుసార్లు ఈల లేదా లైటు, ఒక నిమిషం ఆగి మళ్ళీ ఆరు. నిమిషానికి మూడుసార్లు బదులొస్తే విన్నారని అర్థం. హెలికాప్టర్ వస్తే రెండు చేతులూ పైకెత్తి నిలబడండి. ఒక చేయి పైకి, ఒకటి కిందికి పెడితే 'అవసరం లేదు' అనుకుని వెళ్ళిపోతారు.

ఫోన్ బ్యాటరీ చలికి 30 శాతం దగ్గర కూడా ఆగిపోతుంది. చొక్కా లోపలి జేబులో, ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచండి. పవర్ బ్యాంక్ కూడా రాత్రి బ్యాగ్‌లోకే. నెత్తి లైటుకు లిథియం బ్యాటరీలు.

ఇంట్లోవాళ్ళకు 'ఎనిమిదింటికల్లా ఫోన్ చేయకపోతే 140కి చేయండి' అని చెప్పి వెళ్తుంటారు చాలామంది. 140 ఆస్ట్రియా బయట నుంచి కలవదు. వేరే దేశంలో కూర్చుని 112 కొట్టినా ఆ దేశపు కంట్రోల్ రూమే ఎత్తుతుంది. అందుకని దారి కాగితం, తిరిగి రావాల్సిన గంట, వేసుకున్న జాకెట్ రంగు, నోయ్‌స్టిఫ్ట్‌లో మీరు దిగే పెన్షన్ (చిన్న బస ఇల్లు) యజమానికి రాసిచ్చి వెళ్ళండి, ఇంట్లోవాళ్ళకు ఆయన నంబర్ ఇవ్వండి. వాళ్ళు ఆయనకు చేస్తారు, ఆయన 140కి చేస్తాడు. ప్లాన్ మారి వేరే వైపు దిగిపోతే, బస్సెక్కగానే ముందు ఆయనకే కబురు చెప్పండి, లేకపోతే మీరు భోంచేస్తుండగా కొండమీద జనం మీకోసం వెతుకుతుంటారు.